పదకొండు బైట్ల జాబు

జెర్సీ సిటీలో ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దగ్గర పాత్ రైలు దిగి, ఆ పొడుగాటి ఎస్కలేటర్ ఎక్కి పైకొస్తే ఎదురుగా హడ్సన్ నది, అవతల మన్‌హటన్. ఒకప్పుడు ఈ ఒడ్డు పొడుగునా టెర్మినళ్ళే. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ళది ఇక్కడే ఉండేది. కాస్త దక్షిణాన, ఇప్పటి లిబర్టీ స్టేట్ పార్కులో, 1889లో కట్టిన సెంట్రల్ రైల్‌రోడ్ టెర్మినల్ భవనం ఇంకా నిలబడే ఉంది. రైళ్ళు మాత్రం 1967లో ఆగిపోయాయి. రైలు అక్కడితో సరి, ఆపైన మనుషులు పడవెక్కి న్యూయార్క్ వెళ్ళేవాళ్ళు. రైళ్ళు పోయాక, కోల్గేట్ వాళ్ళ సబ్బుల కార్ఖానా పోయాక, ఈ ఒడ్డున గాజు మేడలు లేచాయి. వాల్‌స్ట్రీట్ పెరటి పని అంతా వాటిల్లో చేరింది: క్లియరింగ్, సెటిల్‌మెంట్, ఇన్సూరెన్స్ లెక్కలు. ఆ పనితోపాటు ఇంకో రకం టెర్మినళ్ళు వచ్చాయి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. మా తరం తెలుగువాళ్ళలో చాలామందిమి ఈ ఊరికి వచ్చింది ఆ తెరను నమ్ముకునే.

ఆ తెరమీద గుమాస్తా కొట్టిన అంకె పెద్ద కంప్యూటర్‌కి ఎలా చేరుతుంది? అక్కణ్ణించి వచ్చిన జవాబు ఏ చోట పడాలో ఎవరు చెప్తారు? మధ్యలో కూర్చున్న ఎమ్యులేటర్ చేసే పనేమిటి? ఐదు దశాబ్దాల్లో ఈ ప్రశ్నలకు నాలుగైదు రకాల జవాబులొచ్చాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఆ జవాబుల్లో మొదటిదే అన్నిటికన్నా తెలివైనది. తర్వాత వచ్చిన తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఆ తెలివిని మర్చిపోయి కొనితెచ్చుకున్నవే.

ఐబీఎం 3270 కుటుంబం 1971లో వచ్చింది. మామూలు తెర 24 వరసలు, వరసకి 80 గడులు, మొత్తం 1920. అప్పటి టెలిఫోన్ లైన్ల వేగం తల్చుకుంటే ఆ డిజైన్‌లో ప్రతి పొదుపూ అర్థమవుతుంది. సెకనుకి 4800 బిట్లు పోయే లైను మీద నిండు తెర ఒక్కటి పంపడానికి మూడు సెకన్లు దాటుతుంది. అలాంటి లైను మీద పదుల కొద్దీ గుమాస్తాలు పనిచేయాలి. ప్రతి మీట నొక్కుడికీ పెద్ద కంప్యూటర్‌ని లేపి అడుగుతూ కూర్చుంటే ఎవరి పనీ సాగదు. అందుకని తెరకే కాస్త బుద్ధి పెట్టారు. ఖాళీ ఫారం హోస్ట్, అంటే ఆ పెద్ద కంప్యూటర్, పంపుతుంది. గుమాస్తా తన బల్ల దగ్గరే తీరిగ్గా నింపుకుంటాడు, దిద్దుకుంటాడు. ఎంటర్ నొక్కేదాకా హోస్ట్‌కి చీమ చిటుక్కుమన్నట్టు కూడా తెలియదు.

ఫారంలో నింపాల్సిన చోటుని ఫీల్డ్ అన్నారు. ఇంగ్లిషులో ఆ మాటకి పొలమనే అర్థం కూడా ఉంది కాబట్టి, మా గోదావరి వైపు పొలంతోనే చెప్తాను. మడికి హద్దు గట్టు. గట్టు కూడా నేలే, కానీ దాని మీద నాటు వేయం. 3270 తెరలో ప్రతి ఫీల్డుకీ ముందు ఒక గుణాల బైటు ఉంటుంది, ఆట్రిబ్యూట్ అంటారు. అది తెరమీద ఒక గడిని ఆక్రమించుకుంటుంది, పైకి ఖాళీగానే కనిపిస్తుంది. అక్కణ్ణించి తర్వాతి గట్టు దాకా ఒక మడి. ఇందులో గుమాస్తా రాయొచ్చా లేదా, అంకెలు మాత్రమేనా, అక్షరాలు మామూలుగా కనిపించాలా, మెరవాలా, అసలు కనిపించకూడదా అన్నవన్నీ ఆ ఒక్క గట్టులోనే రాసి ఉంటాయి. దాంట్లోనే ఇంకొక్క బిట్టు ఉంది. దాని పేరు ఎండీటీ. ఈ మడిలో ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది దాని మీద గుర్తు. గుమాస్తా ఒక్క అక్షరం కొట్టగానే ఆ బిట్టు లేస్తుంది.

ఎంటర్ నొక్కినప్పుడు బిట్టు లేచిన మళ్ళే హోస్ట్‌కి వెళ్తాయి. మిగతా తెర ఎక్కడిదక్కడే. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఐదో వరసలో, ఇరవయ్యో గడి నుంచి అకౌంట్ నంబరు రాసే మడి ఉంది. గుమాస్తా 12345 కొట్టి ఎంటర్ నొక్కాడు. లైను మీద వెళ్ళేది, హెక్స్ అంకెల్లో, ఇదీ:

7డి సి5 డి8 11 సి5 డి3 ఎఫ్1 ఎఫ్2 ఎఫ్3 ఎఫ్4 ఎఫ్5

పదకొండు బైట్లు. మొదటిది, 7డి, ఎంటర్ నొక్కారని చెప్తుంది. పీఎఫ్3 నొక్కి ఉంటే అక్కడ ఎఫ్3 ఉండేది. తర్వాతి రెండూ కర్సర్ ఎక్కడ ఆగిందో చెప్తాయి. ఆ పక్కనున్న 11, ఇక వచ్చేది ఒక చిరునామా అని హెచ్చరిక. దాని వెనక ఆ చిరునామా, దాని వెనక గుమాస్తా కొట్టిన ఐదంకెలు ఎబ్సిడిక్ లిపిలో. చిరునామా రాసిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సున్నా నుంచి లెక్కపెడితే ఆ గడి 339వది. 64తో భాగిస్తే 5 వస్తుంది, 19 మిగులుతుంది. ఆ 5నీ 19నీ ఎబ్సిడిక్‌లో అచ్చయ్యే అక్షరాలుగా మారుస్తారు: సి5, డి3. అంటే ఇంగ్లిషు అక్షరాలు ఈ, ఎల్. ఉత్త అంకెలుగా పంపితే దారిలో లైనుని నడిపించే కంట్రోల్ బైట్లతో పొరబడే ప్రమాదం ఉంది. అందుకని చిరునామాకి కూడా మామూలు అక్షరాల వేషం వేసి పంపారు.

పొదుపు అక్కడితో ఆగలేదు. మడిలో ఏమీ కొట్టని గడుల్లో శూన్యాలుంటాయి, నల్స్ అంటారు. వాటిని పంపరు. ఇక్కడే ఒక చిలిపి సమస్య. ఖాళీ మడిలో వెంకట అని కొట్టి, స్పేస్ బార్ నొక్కకుండా బాణం మీటతో ఒక గడి దాటి, రావు అని కొట్టారనుకోండి. తెరమీద వెంకట రావు అని విడివిడిగానే కనిపిస్తుంది. హోస్ట్‌కి చేరేది మాత్రం వెంకటరావు. మధ్యలో ఉన్నది ఖాళీ కాదు, శూన్యం. శూన్యాన్ని ఎవరూ మోసుకెళ్ళరు. మన పేర్లలో ఇది పెద్ద నష్టం కాదు, పైగా ఊళ్ళో అలాగే పిలుస్తారు. చిరునామాల్లో మాత్రం వీధి పేరూ ఇంటి నంబరూ అతుక్కుపోయి చాలా గొడవలయ్యాయి. దీనికి తిరగేసిన గొడవ కూడా ఉంది. ప్రోగ్రామరు మడిని శూన్యాల బదులు ఖాళీలతో నింపి పంపితే, మధ్యలో ఒక అక్షరం దూర్చబోతే కీబోర్డు బిగుసుకుపోతుంది. పక్కకి జరగడానికి చోటు లేదంటుంది. కళ్ళకు ఖాళీయే కదా అని గుమాస్తా తిట్టుకుంటాడు.

నేను ఇదంతా నేర్చుకున్నది మెయిన్‌ఫ్రేమ్ లేని చోట. 1998, హైదరాబాద్ అమీర్‌పేట, మైత్రీవనం వెనక ఒక మూడో అంతస్తు గది. కోబాల్ భాష, దాని చుట్టూ ఉండే జేసీఎల్, సీఐసీఎస్, డీబీటూ, వీశామ్. వై2కె పుణ్యమా అని బ్యాచ్ తర్వాత బ్యాచ్ నిండిపోయేది. పీసీ మీద సీఐసీఎస్‌ని అనుకరించే ప్రోగ్రాం ఒకటి, జిరాక్స్ నోట్సు ఒక కట్ట. తెరలకీ ప్రోగ్రాములకీ మధ్య పని నడిపే సీఐసీఎస్ 1969 నాటిది. తెర గీయడానికి దాంట్లో బీఎంఎస్ అనే పద్ధతి ఉంది. ఒక్కో ఫీల్డుకీ స్థానం, పొడవు, గుణాలు రాయాలి. పైన చెప్పిన అకౌంట్ మడికి బీఎంఎస్‌లో స్థానం ఐదో వరస, పంతొమ్మిదో గడి. ఇరవై అని రాసి దెబ్బతినని వాడు మా బ్యాచ్‌లో లేడు. అక్కడ చెప్పాల్సింది గట్టు చోటు, మడి చోటు కాదు. మా సారు బోర్డు మీద గీత గీసి ఇది గట్టురా అన్నాక కానీ నాకు ఎక్కలేదు. పై పోలిక ఆయనదే, నాది కాదు.

అంటే ఒకే మడికి బీఎంఎస్‌లో ఐదు-పంతొమ్మిది, లైను మీద 339. మూడో లెక్క కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఎమ్యులేటర్లు పీసీలతోపాటే వచ్చాయి. బల్లమీద పీసీ ఒకటి, 3270 కుటుంబపు 3278 టెర్మినల్ ఒకటి, రెండూ ఎందుకని అందరికీ అనిపించింది. 1982లో డీసీఏ అనే కంపెనీ ఇర్మా అనే కార్డు తెచ్చింది. దాన్ని పీసీలో గుచ్చి, టెర్మినల్‌కి వెళ్ళే కోయాక్స్ కేబుల్‌ని దాని వెనక తగిలిస్తే పీసీయే 3278 అయిపోయేది. పగటివేషగాడు తహశీల్దారు వేషం కడితే ఊళ్ళోవాళ్ళు నిజం తహశీల్దారనుకుని దణ్ణాలు పెట్టేవాళ్ళట. ఇదీ అదే. అవతల ఉన్నది ఇనుప టెర్మినలో, వేషమో హోస్ట్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మరుసటేడు ఐబీఎం తనే 3270 పీసీ తెచ్చింది. ఎక్స్‌ట్రా, రుంబా, రిఫ్లెక్షన్ లాంటి ఎమ్యులేటర్ల పేర్లు తొంభైల్లో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. ఆ వ్యాపారం కథ మన ఉమ్మడి కుటుంబాల ఆస్తి పంపకాలకి సరిగ్గా తిరగేసి ఉంటుంది: అందరూ ఒక్కింట్లోకే చేరారు. డీసీఏని అటాచ్‌మేట్, రుంబా వాళ్ళని నెట్‌మేనేజ్, నెట్‌మేనేజ్‌నీ తర్వాత అటాచ్‌మేట్‌నీ మైక్రో ఫోకస్, 2023లో మైక్రో ఫోకస్‌ని ఓపెన్‌టెక్స్ట్ కలిపేసుకున్నాయి.

కార్డూ కోయాక్సూ పోయి ఇంటర్నెట్ తీగ మీదకి రావడానికి టెల్‌నెట్ పనికొచ్చింది. ఆ పద్ధతి టీఎన్3270. అప్పటికే వాడుకలో ఉన్నదాన్ని 1994లో ఆర్‌ఎఫ్‌సీ 1576లో రాసిపెట్టారు. మెరుగుపరిచిన టీఎన్3270ఈ అదే ఏడు వచ్చి, 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2355గా స్థిరపడింది. లోపలి సరుకు మారలేదు. ఉత్త టీఎన్3270లో మన పదకొండు బైట్లూ యథాతథం, చివర ఇక్కడితో ఈ జాబు అయిపోయిందని చెప్పే ఎఫ్ఎఫ్ ఈఎఫ్ అనే రెండు బైట్లు అదనం. కానీ ఈ మార్పులో ఒక మంచి మర్యాద జారిపోయింది. ఐబీఎం వాళ్ళ పాత ఎస్ఎన్ఏ నెట్‌వర్కులో, నా మాట అయిపోయింది, ఇక నీ వంతు అని హోస్ట్ విడిగా చెప్పే ఏర్పాటు ఉండేది. ఉత్త టీఎన్3270 దాన్ని మోసుకు రాలేదు. హోస్ట్ చెప్పడం అయిపోయిందో, ఇంకా ఏమైనా ఉందో ఎమ్యులేటర్ ఊహించుకోవాలి. మనిషి కూర్చుంటే ఇది సమస్యే కాదు, కన్ను కనిపెట్టేస్తుంది. మనిషి స్థానంలో ప్రోగ్రాం వచ్చి కూర్చున్నాకే అసలు కథ.

ఎమ్యులేటర్ లోపలి తెరని వేరే ప్రోగ్రాంకి అందించడానికి ఐబీఎం ఎనభైల్లో హెచ్‌ఎల్‌ఎల్‌ఏపీఐ అనే తలుపు తెరిచింది. తర్వాతి విస్తరణ ఈహెచ్‌ఎల్‌ఎల్‌ఏపీఐ. మా ఆఫీసుల్లో అందరూ హెల్లాపీ అనేవాళ్ళు. తెరకి దాంట్లో ప్రెజెంటేషన్ స్పేస్ అని పేరు. ప్రతి పనికీ ఒక అంకె: 1 తెరకి అతుక్కోవడానికి, 3 మీటలు నొక్కడానికి, 4 ఆగడానికి, 6 వెతకడానికి, 8 తెరలో ఒక ముక్క కాపీ చేసుకోవడానికి. మీటలకి @ గుర్తు: @ఈ అంటే ఎంటర్, @టీ అంటే ట్యాబ్. మరి నిజంగానే @ కొట్టాలంటే? రెండుసార్లు రాయాలి. పాస్‌వర్డులో @ పెట్టుకున్న ఒక మేనేజరు మూలంగా మా బృందం ఒక పూటంతా జుట్టు పీక్కుంది. ఇక ఇందాక చెప్పిన మూడో లెక్క ఇదే: హెల్లాపీ గడుల్ని ఒకటి నుంచి లెక్కపెడుతుంది. లైను మీద 339 అయిన మన మడి ఇక్కడ 340. ఒక్క గడి తేడాతో తప్పిన ప్రోగ్రాములు ఈ ఒడ్డున ఎన్ని నడిచాయో లెక్క కట్టలేం.

హెల్లాపీలో 31, 32, 33, 34 అంకెల పనులు వేరుగా ఉన్నాయి. ఫీల్డ్ ఎక్కడ మొదలైంది, ఎంత పొడుగు, దాంట్లో రాయి, దాన్నుంచి చదువు. ఇవి గట్లని చూసి పనిచేస్తాయి. వాటిని వాడినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఎక్కువమంది 8వ పనితో ఏడో వరస, నలభయ్యో గడి నుంచి పన్నెండు అక్షరాలు లాక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. దీనికే స్క్రీన్ స్క్రేపింగ్ అని పేరొచ్చింది. శని, ఆదివారాల్లో మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళు తెరలో ఒక వరస చేరుస్తారు. సోమవారం పొద్దున్న స్క్రేపర్ ఎప్పటిలాగే ఏడో వరస చదువుతుంది. బ్యాలెన్స్ ఉండాల్సిన చోట ఫోన్ నంబరు. తప్పు స్క్రేపింగ్‌ది అనడం తేలిక. గట్లు కళ్ళ ముందే ఉంటే వాటిని తొక్కుకుంటూ అడుగులు లెక్కపెట్టుకుని నడిచింది మనం.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 2001 వేసవి, నది ఒడ్డున ఒక ఆఫీసు. ఏ కంపెనీయో అనవసరం. రాత్రిపూట వందల కొద్దీ అకౌంట్లు తెరల్లోంచి చదివి ఒక ఫైల్లో పెట్టే ప్రోగ్రాం నాది. అకౌంట్ నంబరు కొట్టు, ఎంటర్, ఆగు, చదువు. పొద్దున్న చూస్తే కొందరి పేర్ల పక్కన వాళ్ళ ముందువాళ్ళ బ్యాలెన్సులు. అన్నీ కాదు, నలభైలో ఒకటి. అలాంటి తప్పే నిద్ర పట్టనివ్వదు. మూడు రాత్రులు ట్రేస్ పెట్టుకుని కూర్చుంటే తేలింది. హోస్ట్ ఒకే జవాబుని రెండు విడతల్లో పంపుతోంది. మొదటి విడతలో కొత్త పేరు, కీబోర్డు తాళం తీయమన్న ఆజ్ఞ. రెండో విడతలో బ్యాలెన్స్. రెండు విడతలూ తెర తుడవకుండా, మారిన మళ్ళు మాత్రమే దిద్దేవి, పొదుపు కోసం. తాళం తెరుచుకోగానే హెల్లాపీ 4వ పని, అయిపోయింది, సున్నా అంటూ తిరిగొచ్చేది. నా ప్రోగ్రాం వెంటనే చదివేది. కొత్త పేరు పక్కన పాత బ్యాలెన్స్ ఇంకా అలాగే ఉండేది. నెట్‌వర్కు చురుగ్గా ఉన్న రాత్రి రెండో విడత ముందే వచ్చేసేది, మందంగా ఉన్న రాత్రి వెనకబడేది.

సెకను ఆగి చదవమని సలహా ఇచ్చారు. అందరూ ఇచ్చే సలహా అదే, ఈ రంగంలో అన్నిటికన్నా చెడ్డ సలహా కూడా అదే. చివరికి నేను చేసిందేమిటంటే, రెండో విడతలో మాత్రమే మారే ఒక మడి ఉంది, జవాబిచ్చిన సమయం. ఎంటర్ నొక్కేముందు అందులో ఏముందో గుర్తు పెట్టుకుని, అది మారేదాకా ఎదురుచూడటం. హోస్ట్ చెప్పని విషయాన్ని తెరలోంచి రాబట్టడమన్నమాట. ఆ తర్వాత సెప్టెంబరులో నది అవతల జరిగింది అందరికీ తెలుసు. ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ స్టేషన్ 2003 దాకా తెరవలేదు. ఆ ప్రోగ్రాం ఏమైందో కనుక్కునే తీరిక నాకు మళ్ళీ చిక్కలేదు.

తెర స్థితి చెప్పే విషయంలో నేను చూసిన ఎమ్యులేటర్లలో నిజాయితీగా పనిచేసేది ఎక్స్3270 కుటుంబం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాని ఎస్3270 అనే రూపానికి తెరే ఉండదు. ఆజ్ఞ ఇస్తే జవాబుతోపాటు ఒక స్థితి వరస తిరిగిస్తుంది: కీబోర్డు తాళం పడి ఉందా, తెరకి గట్లున్నాయా, కర్సర్ ఉన్నది రాయదగ్గ మడిలోనేనా. బఫర్ మొత్తం చదవమంటే గట్ల చోట్లతో సహా చెప్తుంది. కుర్రవాళ్ళెవరైనా ఈ విషయం నేర్చుకోవాలంటే ముందు దాని ట్రేస్ తెరిచి, ఎంటర్ నొక్కి, ఆ పదకొండు బైట్లు కళ్ళారా చూడమంటాను.

మిగతా సంప్రదాయాలని క్లుప్తంగా ముగిస్తాను. ఐబీఎం 5250, అంటే ఏఎస్/400 తెరలు, 3270కి పినతండ్రి బిడ్డ; అక్కడా ఫీల్డులే, మారిన ఫీల్డులు మాత్రమే వెళ్ళడమే. వీటీ100 టెర్మినళ్ళ దారి పూర్తిగా వేరు. ప్రతి మీటా అప్పటికప్పుడు హోస్ట్‌కి వెళ్తుంది, హోస్టే దాన్ని తిరిగి తెరమీద రాస్తుంది. మన రైల్వే రిజర్వేషన్లు ఆ వీటీ సంప్రదాయంలోవే. కాన్సర్ట్ అనే వ్యవస్థని మొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. ఆ తరహా తెరమీద ఫీల్డు అన్నది ప్రోగ్రాం మనసులో ఉంటుంది, తీగమీద ఉండదు. తీగమీద వెళ్ళేది కర్సర్ ఇక్కడికి జరుపు, ఈ అక్షరం రాయి అన్న ఆజ్ఞలే. అందుకని వీటీ తెరని స్క్రేప్ చేసేవాడికి అడుగులు లెక్కపెట్టుకోవడం తప్ప గతి లేదు. వాణ్ణి తప్పు పట్టలేం. 3270 వాడికి ఆ సాకు లేదు. ఇక 3270కి నిజమైన వారసులు వెబ్ ఫారాలు. ఖాళీ ఫారం పంపు, అక్కడే నింపుకోనీ, సబ్మిట్ నొక్కితే విలువలు మాత్రం తెప్పించుకో. దాచిన ఫీల్డులతో సహా అంతా అదే.

ఆ దాచిన ఫీల్డుల సంగతి కూడా చూడాలి. మడిలో రాయనివ్వకపోవడం, అక్షరాలు కనిపించకుండా చేయడం, ఈ రెండు పనులూ చేసేది ఎవరు? టెర్మినల్. ఇనుప టెర్మినల్ రోజుల్లో అది ఐబీఎం మాట, మీరేవాడు లేడు. ఇప్పుడది ఎవరి పీసీలోనో ఉన్న ప్రోగ్రాం మాట. కొందరు ప్రోగ్రామర్లు ఒక తెర నుంచి ఇంకో తెరకి వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కనిపించని మడిలో పెట్టి, ఎండీటీ బిట్టు తామే లేపి పంపేవాళ్ళు. గుమాస్తా ముట్టుకోకపోయినా అది తిరిగొస్తుంది, హోస్ట్ దాన్ని తన మాటగానే నమ్ముతుంది. మధ్యలో ఎమ్యులేటర్ గట్టు తెంపేసి ఆ విలువ మారిస్తే? 2014లో బిర్ప్ అనే ఒక సాధనం సరిగ్గా ఇదే చేసి చూపించింది: దాచినవి చూపడం, రాయకూడనివి రాయనివ్వడం. చాలామంది అది విని ఉలిక్కిపడ్డారు. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. వేషగాడి చేతికి కచేరీ ముద్ర ఇచ్చి, నిజం తహశీల్దారులాగే నడుచుకుంటాడని ముప్ఫై ఏళ్ళు నమ్మారు. పాస్‌వర్డు మడిదీ అదే వరస: తెరమీద కనిపించదు, తీగమీద మాత్రం ఎన్‌క్రిప్షన్ లేకపోతే అక్షరం అక్షరం కనిపిస్తుంది. ఎబ్సిడిక్‌లో ఉంది కదా, ఎవరికి అర్థమవుతుంది అన్నవాళ్ళతో నేను వాదించాను కూడా.

2020 వసంతంలో ఈ తెరల పేరు ఒక్కసారి వార్తల్లోకెక్కింది. న్యూజెర్సీలో ఒకే వారంలో 2 లక్షలకు పైగా నిరుద్యోగ దరఖాస్తులు పడ్డాయి. ఏప్రిల్ 4న గవర్నర్ ఫిల్ మర్ఫీ పత్రికలవాళ్ళ ముందు, కోబాల్ వచ్చినవాళ్ళు స్వచ్ఛందంగా రమ్మని అడిగారు. కోబాల్ అనబోయి కోబాల్ట్ అన్నారు. జర్నల్ స్క్వేర్ అపార్టుమెంట్లలో లాక్‌డౌన్‌లో కూర్చున్న మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా పండగే. ఇరవై ఏళ్ళ కిందట కోబాల్ నేర్చుకున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డవాళ్ళందరూ రెజ్యూమేలు దుమ్ము దులిపారు. తర్వాత సాంకేతిక చరిత్ర రాసే మార్ హిక్స్ ఇంకో సంగతి బయటపెట్టారు: చతికిలబడింది కోబాల్ వ్యవస్థ కాదు, జనం దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైటు, అది రాసింది జావాలో. వెనకింటి ముసలాయన మామూలుగానే పనిచేస్తున్నాడు, వీధి తలుపే ఇరుక్కుపోయింది.

ఇవాళ తెరని పూర్తిగా తప్పించే దారులున్నాయి. సీఐసీఎస్ ప్రోగ్రాంని నేరుగా ఏపీఐగా పిలవొచ్చు, మడి గట్టు ఏదీ లేకుండా. ఈ ఊళ్ళోనే న్యూపోర్ట్‌లో, షేర్ల సెటిల్‌మెంట్ చూసే డీటీసీసీ ఆఫీసు ముందునుంచి నడిచి వెళ్ళేటప్పుడల్లా ఈ ఒడ్డు పని ఎంత వేగం పుంజుకుందో గుర్తొస్తుంది: షేర్ల సెటిల్‌మెంట్ 2017లో మూడు రోజుల నుంచి రెండుకి, 2024 మే 28న ఒక్క రోజుకి దిగింది. ఆ వేగంలో తెర చదివే బొమ్మ గుమాస్తాలకి చోటు లేదనుకుంటాం. కానీ ఇప్పుడు ఆర్‌పీఏ అని కొత్త పేరుతో అమ్ముతున్న బాట్లలో చాలావాటి కింద గీకి చూడండి, అదే హెల్లాపీ, అవే అంకెలు, అదే @ఈ. పదేళ్ళ అనుభవం కావాలని ప్రకటన వస్తే, నాకు పాతికేళ్ళుంది బాబూ అని చెప్పాలనిపిస్తుంది.

ఏపీఐ వచ్చినా మడి కొలతలు మాత్రం పోలేదు. తెర పోయినా, తెర కోసం ఎప్పుడో కొలిచిన ఫీల్డుల పట్టీ, అంటే కాపీబుక్, అలాగే ఉంటుంది. ఒకాయన పేరు వీర వెంకట సత్యనారాయణ అనుకుందాం. ఇంగ్లిషులో, మధ్య ఖాళీలతో కలిపి 27 గడులు. పేరుకి 15 గడులిచ్చిన పాత తెరమీద ఆయన వీర వెంకట ఎస్ అయ్యేవాడు. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్న గొడవ దీనికి అదనం. కర్సర్ పదహారో గడి దగ్గర ఆగిపోయేది కాబట్టి కనీసం అప్పుడు చోటు చాల్లేదని తెలిసేది. గుమాస్తా తలెత్తి, ఎలా కుదించమంటారండీ అని అడిగేవాడు. ఇప్పుడు ఆయన ఫోనులో ఫారం నింపుతాడు. అందమైన పేజీ, యాభై అక్షరాలు రాయనిస్తుంది, ఏమీ అనదు. లోపల ఎక్కడో పేరుకి 20 గడులు. రెండు వారాలకి తపాలాలో కవరొస్తుంది, నిక్షేపంలాంటి మలయాళీ పేరుతో: వీర వెంకట సత్యన్.